పీరా ముందర తినడం

...ఈ చెమట ఆ చెమట కాదు, పరుగు చెమట వెచ్చగా ఉంటుంది, మెడ మీద నుంచి వీపులోకి దిగి బనీను తడిపి ఊరుకుంటుంది, ఇది చల్లగా ఉంది, మార్చి నెల ఎండలో, నల్లగట్ల దాటిన రోడ్డు మీద, తారు పెనంలా కాలుతుంటే చల్లటి చెమట ఎక్కడిది మత్తయ్యా అని నన్ను నేనే అడుగుతున్నాను, అడుగుతూనే పరిగెత్తుతున్నాను, పరుగంటే మరీ పరుగేం కాదులెండి, యాభై దాటినవాడి పరుగు, బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి చూస్తే పాపం ఎవరో ఆటో తప్పిపోయినాడు అనుకుంటారు, కానీ నంద్యాలలో తెల్లారకముందు మొదలుపెట్టాను, అయ్యలూరు మెట్ట, శిరివెళ్ల మెట్ట, అన్నీ ఈ కాళ్లతోనే దాటి వచ్చాను, ఇంక ఆళ్లగడ్డ ఎంతో లేదు, మా అక్క కమలాక్షమ్మ వాకిట్లో కాలు పెట్టేదాకా ఈ చల్ల చెమట సంగతి ఎవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా వెనకాల టీవీఎస్ ఎక్సెల్ మీద డుగ్గు డుగ్గుమని వస్తున్న పీరాకు అసలు చెప్పకూడదు, చెప్తే వాడు బండి ఆపి సంచి తెరుస్తాడు, సంచిలో గ్లూకోజ్ నీళ్లున్నాయి, పల్లీ బుడ్డల ఉండలున్నాయి, అరటిపండ్లున్నాయి, అన్నీ నావే, నా భార్య లూదియా నా కోసమే కట్టి ఇచ్చింది, ఇన్సులిన్ వేసుకునేవాడు ఇంత దూరం పరిగెత్తితే అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాల్సిందే, కానీ ఆ సంచి మోసేవాడు రంజాను రోజా ఉన్నాడు, తెల్లవారకముందే సహరీ తిన్నవాడు మళ్లీ పొద్దు గూకేదాకా చుక్క నీళ్లు ముట్టడు, అప్పుడే వాడి పెదాలు ఎండి తెల్లగా పొక్కు లేచాయి, అలాంటివాడి చేతిలోంచి సీసా తీసుకుని వాడి కళ్ల ముందే గటగటా తాగడం ఎలా, మీరే చెప్పండి, ఎలా.

శిరివెళ్ల మెట్ట దగ్గర వాడే అడిగాడు, అన్నా ఏమన్నా తింటావా అని, అప్పుడే ఏంది లేరా అన్నాను, ఇంకో నాలుగు మైళ్లు పోయాక మళ్లీ అడిగాడు, కడుపు ఇంకా బరువుగానే ఉంది, మీ ఇంటామె పెట్టిన అన్నం అరగనే లేదు అన్నాను, అది అబద్ధం, ఆ అన్నం ఎప్పుడో కరిగి కాళ్లలోకి దిగి రోడ్డు మీద కారిపోయింది, ఆ అన్నం దగ్గరే కదా అసలు తప్పు జరిగింది, పరుపులు కుట్టే పీరా, మోటార్లకు వైండింగ్ చేసే నేను, మా ఇద్దరి అంగళ్లకు మధ్య ఒకటే గోడ, నాకు షుగరొచ్చి డాక్టరమ్మ నడవమన్నప్పటి నుంచి వాడే తోడు, నడక పరుగైంది, పరుగు పిచ్చి అయింది, ఈ పొద్దు ఆళ్లగడ్డ దాకా పరిగెత్తుతా అంటే నువ్వు పరిగెత్తు నేను బండి మీద వస్తా, రోజాలో నాకు పరుగు చేతకాదు అన్నాడు, సరే పోదాం అని తెల్లవారుజామున వాడింటికి పోతే వాడి భార్య హమీదాబీ చాప మీద మూడు పళ్లేలు పరిచింది, నేను తినొచ్చానమ్మా అంటే ఒప్పుకోలేదు, ఆయప్ప నీ యంబడి దావ పొడుగూతా వస్తాండాడు, నువ్ మా ఇంట్లో నాలుగు మెతుకులు తినకుండా పోతే నాకు బాగుంటాదా అన్నా అంది, అంటూనే పళ్లెంలో గుట్ట పోసింది, అన్నం, మీద ఖీమా, పక్కన గిన్నెలో పెరుగు, పరిగెత్తే పొద్దు సగం డోసే వేసుకోవయ్యా అని డాక్టరమ్మ వంద సార్లు చెప్పింది, కానీ ఆ గుట్ట చూసి నాకు భయమేసింది, అంత అన్నానికి సగం మందు ఏం సరిపోతుంది, ఇన్సులిన్ పెన్ను మీద పూర్తి డోసు తిప్పాను, అదీ పొట్టకు వేసుకోవాలి, ఆ ఆడమనిషి ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంటే చొక్కా ఎత్తి బొడ్డు చూపించనా, నిక్కరు మీద చుట్టుకున్న లుంగీ కింద చెయ్యి పెట్టి తొడకే పొడుచుకున్నాను, ఎవరూ చూడలేదు, మర్యాద దక్కింది, పరిగెత్తే తొడకు పొడిస్తే మందు కూడా నీతో పాటు పరిగెత్తుతుంది అని డాక్టరమ్మ చెప్పిన మాట శిరివెళ్ల మెట్ట ఎక్కేటప్పుడు గుర్తొచ్చింది, అప్పటికి గుర్తొచ్చి ఏం లాభం.

ఒక పక్క రంజాను, ఇంకో పక్క మా శ్రమల దినాలు, ఈ ఏడు రెండూ ఒకేసారి వచ్చాయి, మా పేటలో ఎవర్ని చూసినా ఉపవాసమే, చర్చిలో నలభై దినాల కూటాలు, పీరా వాళ్ల వీధిలో సాయంత్రం గంజి గిన్నెలు, ఊరంతా కడుపు కట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే నేనొక్కణ్ణే మేకలాగా వేళకింత నములుతూ ఉంటాను, పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచి సూది వేసుకునేవాళ్లకు ఉపవాసం లేదు మత్తయ్యా, దేవుడు అర్థం చేసుకుంటాడు అన్నాడు, దేవుడు చేసుకుంటాడయ్యా, మా చర్చి సుందరరాజన్న చేసుకోవాలి కదా, పోయినేడు అయ్యలూరు మెట్ట దగ్గర షుగర్ పడిపోయి నేను రోడ్డు పక్కన కూలబడి ఏదేదో మాట్లాడుతుంటే, బైకు మీద పోతూ చూసి, ఆదివారం చర్చిలో ప్రభు బల్ల తీసుకునే మనిషి పట్టపగలు తాగి పడినాడు అని నలుగురికి చెప్పినవాడు ఆయనే, తర్వాత నిజం తెలిసి మా ఇంటికొచ్చి కూర్చున్నాడు, పాపం మంచి మనిషే, లూదియా ఆయనకు టీ ఇచ్చింది, ఆయన పోయినాక నా వైపు తిరిగి, మా పాప పేరుతోనే పిలుస్తుంది నన్ను, ఏంజెల్ నాయనా, ఇంగోపారి నువ్ రోడ్డు మీద పడినావంటే ఆ బూట్లు తీస్కపోయి కేసీ కాలువలో యాస్తా అంది, అనే మనిషే, వేస్తుంది.

అక్కడ అక్క ఏమో కాలు చాపుకుని కూర్చుంది, పోయిన నెల షుగర్ పుండుకు కాలి బొటనవేలు తీసేశారు, కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి రమ్మంటే రాదు, పుండు మడమ వైపు పాకుతోందని వాళ్ల కోడలు ఫోన్లో ఏడ్చింది, ఇంకా ఆలస్యం చేస్తే పాదమే పోతుందని డాక్టరు చెప్పాడట, నేను ఫోన్ చేసి బతిమాలితే అక్క నవ్వింది, నాయన కాలు పాయె, నా ఏలు పాయె, రేపు నీది పోతాది, మన ఇంటికి రాసిపెట్టింది రా ఇది, ఆస్పత్రోళ్లు ఏం జేస్తారు అంది, నాకు కోపమొచ్చింది, అక్కా నేను నంద్యాల నుంచి నీ వాకిలి దాకా నా కాళ్ల మీద పరిగెత్తుకుంటా వస్తా, అప్పుడన్నా నాతో ఆస్పత్రికి వస్తావా అన్నాను, అయితే రా సూద్దాం, నువ్ కాళ్ల మీద వస్తే నేను నీ చెయ్యి పట్టుకోని వస్తా అంది, అంతే, మాట పడింది, ఇప్పుడు నేను పరిగెత్తుతున్నది నా కాళ్లతో కాదు అక్క పాదంతో, బండెక్కానంటే ఆ పాదం పోయినట్టే, పడ్డానంటే పోయినట్టే, అందుకని ఇంకొంచెం, ఆ చింతచెట్టు దాకా, చింతచెట్టు వచ్చాక ఆ కల్వర్టు దాకా, రోడ్డు మధ్య తెల్ల గీతలు రాగి తీగలాగా బాబిన్ మీద నుంచి ఊడి వస్తున్నాయి, చుట్టాలి, తెగకుండా చుట్టాలి, ఒక పొర మీద ఇంకో పొర, మధ్యలో కాగితం పెట్టకపోతే షార్టు అవుతుంది, కాగితం ఎక్కడ పెట్టాను, నాలుక మొద్దుబారింది, పెదాల చుట్టూ చీమలు పాకుతున్నాయి, ఈ డుగ్గు డుగ్గు శబ్దం ఎవరిది, ఎవడురా వాడు పొద్దుటి నుంచి నా వెనకాలే, అప్పులవాడిలాగా, వాడి మీద ఎక్కడ లేని కోపం వస్తోంది, కొట్టాలనిపిస్తోంది, కోపం వస్తే అనుమానించు అంది డాక్టరమ్మ, ఉత్తపుణ్యానికి కోపమొస్తే ముందు చక్కెర నోట్లో వేసుకో తర్వాత కోపం సంగతి చూడు అంది, డాక్టరమ్మ మీద కూడా కోపం వస్తోంది, కాళ్లు నావి కావు, రోడ్డు పైకి లేస్తోంది, లారీ హారన్ చెవి పక్కనే, ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని రోడ్డు పక్క మట్టి మీదికి లాగారు.

పీరా, వాడే, బండి కింద పడేసి వచ్చాడు, దాని చక్రం ఇంకా తిరుగుతోంది, నన్ను కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టాడు, సూడు అన్నా నా మొగం సూడు, నేనెవరు చెప్పు అన్నాడు, పీరావి అన్నాను, మాట ముద్దగా వచ్చింది, షుగర్ చూసే మిషను తీశాడు, నా వేళ్లు వణికి పట్టీ కింద పడింది, రెండోది వాడే పెట్టాడు, వాడే నా వేలు గుచ్చాడు, పరుపులకు దబ్బనం దింపే చెయ్యి కదా, నొప్పే తెలియలేదు, యాభై రెండు, డెబ్బై కంటే దిగకూడదు, ఆ అంకె చూసి వాడు తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది, మెల్లిగా సీసా మూత తీసి నా మూతి దగ్గర పెట్టాడు, నేను మొహం తిప్పుకున్నాను, నిజంగా చెప్తున్నాను, తాగితే బతుకుతానని తెలుసు, దాహంతో నాలుక పిడచ కట్టింది, అయినా వాడి ఎండిన పెదాలు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి, నువ్ అట్ల పోయి ఆ చెట్టు కింద నిలబడు నేను తాగుతా అన్నాను, ఆ మాటకు వాడికి అంతా అర్థమైంది, శిరివెళ్ల మెట్ట నుంచి నేను ఎందుకు వద్దు వద్దంటున్నానో ఒక్కసారిగా అర్థమైంది, సీసా నా మూతి దగ్గర అట్లే పట్టుకుని అన్నాడు,

రోజా నాది అన్నా, నోరు నీది, నేను దప్పికతో ఉండేది నా దేవుని కోసరం, నువ్ ఎవరి కోసరం మాడ్తాండావు చెప్పు, నా కోసరమైతే వద్దప్పా, నువ్ ఈడ పడితే నిన్నెత్తి బండి మీద ఏసుకునే బలం నాకు యాడుంది, పొద్దున్నుంచి నీళ్లు గూడా తాగలే.

నవ్వొచ్చింది, నవ్వు కూడా ముద్దగానే వచ్చింది, వాడు నా మెడ వెనక చెయ్యి పెట్టి చంటిపిల్లకు తాపినట్టు తాపాడు, గ్లూకోజ్ నీళ్లు ఎండకు వేడెక్కి ఉన్నాయి, తియ్యగా, వెచ్చగా, గొంతులో దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు, షుగర్ పడితే ఏడుపు కూడా వస్తుంది, అదీ ఒక లక్షణమే, తర్వాత అరటిపండు తీసి తొక్క ఒలిచాడు, రోజాలో ఉన్నవాడు నా ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పట్టీ కిందికి లాగి, పీచు కూడా తీసి, పండు నా చేతిలో పెట్టాడు, చెట్టు కిందికి పోలేదు, మొహం పక్కకు తిప్పుకోలేదు, నేను నమిలింది నమిలినట్టు చూస్తూ కూర్చున్నాడు, కాలేజీ బస్సొకటి పోయింది, కిటికీల నిండా పిల్లలు, ఇద్దరు ముసలోళ్లు కల్వర్టు మీద పండు తింటున్నారు అనుకుని ఉంటారు, ఒకడే తింటున్నాడని వాళ్లకేం తెలుసు.

తిన్నాక పావుగంట ఆగాలి, లేవకూడదు, అది పద్ధతి, ఆగడమే పరుగు కంటే కష్టం, వణుకు తగ్గుతున్న కొద్దీ అలసట బయటికి వస్తుంది, ఎముకల్లోంచి వస్తుంది, ఒక్క ఈ పొద్దు అలసట కాదు ఇది, ఎన్నేళ్ల నుంచో, పడుకునే ముందు గుచ్చుకో, లేచాక గుచ్చుకో, తినే ముందు లెక్క, పరిగెత్తే ముందు లెక్క, తక్కువైతే పడిపోతావ్ ఎక్కువైతే కుళ్లిపోతావ్, ఈ రెంటి మధ్య తాడు మీద నడిచినట్టు నడువు, ఎవరికి చెప్పుకోవాలి, ఫేసుబుక్కులో నా పరుగు ఫోటో పెడితే సూపర్ మామా అని వంద మంది పెడతారు, ఆ ఫోటోలో ఈ మొహం ఉండదు, మా నాయన కూడా ఇలాగే కూర్చునేవాడు, ఏ ఊరు పోయినా అరుగు మీద, చంకలో బైబిలు, ఊరి బయటి పేటల్లో ఇంటింటికీ పోయి ప్రార్థన చేసి వచ్చే మనిషి, ఉయ్యాలవాడ దాకా నడిచిపోయేవాడు, పోయిన ప్రతి ఇంట్లో టీ, చక్కెర పాకంలాంటి టీ, నాయనా నీకు షుగరుంది వద్దని చెప్పొచ్చు కదా అని చిన్నప్పుడు నేనే అడిగాను, వాళ్ల ఇండ్లలో వద్దంటే ఏమనుకుంటారు రా, షుగరుందని అనుకోరు, మా గ్లాసు ముట్టనోడు ఇంగొకడొచ్చినాడు అనుకుంటారు అన్నాడు, ఆ ఇండ్లలో గ్లాసు అందుకోవడమే ఆయన చేసిన ప్రసంగం, తాగిన ప్రతి గ్లాసూ ఆ ఇంటి మర్యాద నిలబెట్టింది, ఆయన కాలు మాత్రం మోకాలి దాకా తీశారు, అక్క కూడా అంతే, పెళ్లిళ్లలో లడ్డు పెడితే వద్దనదు, రంజానుకు సేమ్యా వస్తే వద్దనదు, వేలు నల్లబడుతుంటే కోడలికి చెప్పదు, పనిచేసుకునే పిల్లను ఎందుకు బాధ పెట్టాలి అని గుడ్డ చుట్టుకుని తిరిగింది, మేమంతా చాలా మంచోళ్లం.

ఫోన్ మోగింది, సంచిలో ఉంది, పీరా తీసి చూసి మీ అక్క అన్నాడు, తీసుకోవాలంటే భయమేసింది, పదిసార్లు మోగాక ఎత్తాను, యాడుండావ్ రా అంది, బాగానే ఉండా, పరిగెత్తుకుంటానే వచ్చేస్తాండా అని అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది, ఎదురుగా పీరా నా వైపే చూస్తూ అరటి తొక్క పట్టుకుని కూర్చుని ఉన్నాడు, అబద్ధం వెనక్కి పోయింది, అక్కా పడిపోబోయినాను, షుగర్ దిగిపోయింది, పీరా ముందర సిగ్గుపడి తినకుండా వచ్చినాను, ఇప్పుడు కల్వర్టు మీద కూర్చుని తిన్నాను, కొంచెం సేపుంటే మళ్లీ చూసుకుంటా, బాగుంటే నడుస్తా, బాగలేకపోతే బండెక్కుతా, పందెం ఓడిపోయినట్టే అనుకో అని చెప్పాను, అవతల వాళ్ల ఊరి శిల్పుల రాళ్లు చెక్కే మిషను శబ్దం సన్నగా వినపడుతోంది,

రోజా ఉండే మనిషి ముందరే తిన్న్యావా, సిగ్గు కాలేదా అంది, అయింది అక్కా, అయినా తిన్న్యా అన్నాను, సరే, నిదానంగా రా, బండి మీద వచ్చినా పర్వాలేదు, నేను చీర మార్చుకోని కూచుంటా అంది, ఇంట్లో కూర్చునే మనిషి చీర మార్చుకుంటోందంటే ఆస్పత్రికి రావడానికే, ఏమంది అని పీరా అడిగాడు, చీర మార్చుకుంటాదంట రా అన్నాను, వాడు మెల్లిగా తలకాయ ఊపాడు, లేచి పోయి పడున్న బండిని లేపి నిలబెట్టాడు, మళ్లీ వేలు గుచ్చుకుంటే నూటా నాలుగు, లేచి నిలబడితే కాళ్లు నావే అనిపించాయి, బరువుగా, అరిగిపోయి, కానీ నావే, పరుగు ఇంక వద్దు, నడుద్దాం, నడుస్తుంటే నీడ పొట్టిగా కాళ్ల కిందే వస్తోంది, నేను నడిచే అంత నిదానంగా బండి నడపడం వాడికి కష్టంగా ఉంది, తోసుకుంటా వస్తున్నాడు, దూరంగా ఆళ్లగడ్డ సెల్ టవర్లు కనపడుతున్నాయి, రాసిపెట్టిందని అక్క అన్నది తప్పేం కాదు, మా ఇంటికి ఒకటి రాసిపెట్టే ఉంది, వద్దంటే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు, కావాలన్నా నొచ్చుకుంటారు అని నోరు మూసుకోవడం, నాయన నుంచి అక్కకు, అక్క నుంచి నాకు, మొహమాటం మా రక్తంలో ముందే ఉంది, చక్కెర తర్వాతెప్పుడో వచ్చి దాని మీద కూర్చుంది, దీనికి సూది లేదు, గుచ్చుకుని చూసుకునే మిషను లేదు, అడగడం ఒక్కటే ఉంది, ఒక్కొక్కసారి, సిగ్గుపడుతూనే, ఎవరి ముందైనా, ఇప్పుడు నాకు ఒళ్లు బాగానే ఉంది, ఏమీ కాలేదు, పీరా ఏమీ అడగలేదు కూడా, నేనే ఆగి అడిగాను, పీరా, ఇంగొక పండు ఇయ్యి, కావాల.